రాత్రంతా నిలబెడితేనే వచ్చే పొగ

మా నాయన 1998 మార్చిలో కొన్న మారుతి 800 ఇప్పుడు నా దగ్గరుంది. ఏపీ 03 నంబరు, అంటే చిత్తూరు జిల్లా బండి. తెల్ల రంగు, కార్బొరేటర్ ఇంజిన్, మూడు సిలిండర్లు, 796 సీసీ. మోకాళ్ల నొప్పులు ఎక్కువై 2020లో నాయన నడపడం మానేశారు. అప్పటినుంచి రెండేళ్లు అది పీలేరులో మా ఇంటి వెనక చింతచెట్టు కింద కవరు కప్పుకుని నిలబడిపోయింది. ఎప్పుడో పండక్కి వెళ్లినప్పుడు స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పి తెచ్చేవాళ్లం, అంతే. 2022 ఆగస్టులో బ్యాటరీ, టైర్లు మార్పించి తిరుపతికి తెచ్చుకున్నాను. మీటరు మీద అప్పటికి 78 వేల కిలోమీటర్లే. ఇరవై నాలుగేళ్ల బండికి అది చాలా తక్కువ. ఈ రెండు సంఖ్యలనూ మొదట్లోనే పక్కపక్కన పెట్టి చూసుంటే నాకు సగం టెన్షన్ తగ్గేది.

నవంబరు వానలు ఆగాక పొగ కనిపించడం మొదలైంది. పొద్దున్నే తాళం తిప్పగానే సైలెన్సర్‌లోంచి గుప్పుమని ఒక మబ్బు వచ్చేది. అర నిమిషం, మహా అయితే నిమిషం. తర్వాత ఏమీ ఉండదు. బడికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేదాకా మళ్లీ ఒక్క చుక్క పొగ కనిపించదు. చలికాలం కదా, ఆవిరేమోలే అనుకుని మూడు వారాలు వదిలేశాను.

డిసెంబరులో ధనుర్మాసం వచ్చింది. మా సందులో అందరి వాకిళ్లలో ముగ్గులే. నేను బండి తీసే వేళకు ఎదురింటి అత్త గొబ్బెమ్మలు పెడుతూ ఉంటుంది. మా సందు ఇరుకు, పొగ పైకి పోదు, నేలబారున పాకుతుంది. ఒకరోజు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి నిలబడి, "ఏందిమే ఈ పొగ, నూనె మాడిన వాసన వస్తావుండాది" అంది. నాకు చాలా బాధేసింది. ఆమెకు ఆయాసం ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆమె అన్న ఆ ఒక్క మాటే నాకు మొదటి ఆధారం. ఆవిరికి వాసన ఉండదు.

ఇంకో సంగతి కూడా నెత్తిమీదుంది. బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు 2013లో, తర్వాత ఐదేళ్లకు 2018లో రెన్యువల్ అయింది. మళ్లీ 2023 మార్చిలో చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారుకు ఆ ఫీజే అప్పట్లో 5 వేలు ఉండేది. దానిపైన గ్రీన్ ట్యాక్సు, ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్టు. అంత పెట్టే ముందు ఇంజిన్ సంగతి తేల్చుకోవాలి కదా.

ఆ శనివారం దగ్గర్లోని ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. ఇంటినుంచి నడుపుకుంటూ వెళ్లాను కాబట్టి ఇంజిన్ బాగా వేడి మీదుంది, పొగ లేదు. "పొద్దున్నే పొగ వస్తోంది" అని చెప్పానో లేదో, ఆ మెకానిక్ బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ రెండుసార్లు లాగి, "రింగులు పోయినాయి మేడమ్. ఇంజిన్ దించల్ల, బోర్ కొట్టించల్ల. ఇరవై రెండు వేలు పెట్టుకోండి. సార్‌ని పంపిస్తే మాట్లాడతా" అన్నాడు. పొగ ఏ రంగు, ఎంతసేపు, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఆయిల్ ఎంత తాగుతోంది, ఒక్క ప్రశ్నా లేదు. ప్లగ్గు విప్పి చూడలేదు. నేను బడిలో పిల్లలకు సైన్సు చెబుతాను. చూడకుండా చెప్పిన జవాబు ఒకవేళ సరైనదే అయినా దాన్ని నమ్మి డబ్బు పెట్టలేను. ఇంటికొచ్చేశాను.

మా తమ్ముడు పాకాల రైల్వేలో పనిచేస్తాడు, వాడి చేతుల్లో స్పానర్ బాగా ఆడుతుంది. వాడు ఒక మాట చెప్పాడు: "అక్కా, ముందు ఏం రిపేరు చేయాలని అడగొద్దు. పొగ ఎప్పుడొస్తుంది, ఎప్పుడు రాదు అని రాసుకో." ఒక వంద పేజీల నోటుబుక్కు తీసి గ్లవ్ బాక్సులో పెట్టాను.

మొదట రంగు తేల్చాలి. ఇది వినడానికి సులువుగా ఉంటుంది కానీ పొద్దున ఆరింటి మసక వెలుతురులో అన్ని పొగలూ తెల్లగానే కనిపిస్తాయి. నేను కూడా తెల్ల పొగే అనుకుని, ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ అనే పలక పోయి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటు సిలిండర్‌లోకి దిగుతోందేమో అని రెండు రోజులు బెంగపడ్డాను. రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టాను. పది రోజులైనా నీటి మట్టం కదల్లేదు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు కలిసిన టీ రంగులో లేదు, మామూలు నల్ల ఆయిలే. గ్యాస్కెట్ భయం అక్కడితో పోయింది.

తర్వాత ఒక ఆదివారం తొమ్మిదింటిదాకా బండి తీయకుండా ఆగాను. ఎండ పక్కనుంచి పడేలా, వెనకాల మా కాంపౌండ్ గోడ ముదురాకుపచ్చ రంగు వచ్చేలా నిలబడి, తమ్ముణ్ని స్టార్ట్ చేయమన్నాను. అప్పుడు తెలిసింది. స్పష్టమైన నీలం. ఆకాశం వెనకుంటే బూడిద రంగులో కనిపించే పొగే ముదురు గోడ ముందు నీలంగా కనిపించింది. మీరు కూడా చూసుకోవాలంటే ఇలా గోడ ముందు చూడండి, ఫోన్‌లో వీడియో తీసి రంగు చెప్పొద్దు. ఫోన్ కెమెరా రంగుల్ని తనకు నచ్చినట్టు మార్చేస్తుంది.

నల్ల పొగ కాదని కూడా నిర్ధారించుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఇది చోక్ ఉన్న బండి. చోక్ లాగి వదిలేస్తే పెట్రోలు ఎక్కువై నల్లగా పొగ వస్తుంది. రెండు పొద్దులు చోక్ అసలు ముట్టుకోకుండా స్టార్ట్ చేశాను. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చింది గానీ పొగ మాత్రం అంతే వచ్చింది. ఒక తెల్ల పాత బనియన్ గుడ్డను కట్టెకు చుట్టి సైలెన్సర్ గొట్టానికి అర అడుగు దూరంలో పట్టుకున్నాం. పెట్రోలు మసి అయితే పొడిగా నల్లగా అంటుకుంటుంది, దులిపితే కొంత రాలుతుంది. మా గుడ్డ మీద గోధుమ రంగు జిడ్డు చుక్కలు పడ్డాయి. ఇంజిన్ చల్లారాక గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే వేలికి కాటుకలా తడి నలుపు అంటింది, సబ్బుతో రెండుసార్లు రుద్దితే గాని పోలేదు.

కాబట్టి కాలుతున్నది ఇంజిన్ ఆయిలే. ఆయిల్ సిలిండర్‌లోకి రావడానికి ముఖ్యంగా రెండు దారులు. కింది నుంచి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కగా రావచ్చు, పై నుంచి వాల్వుల (గాలి, పొగ వచ్చిపోయే దారులకు తలుపుల్లాంటివి) కాడల వెంట దిగవచ్చు. కింది దారి అయితే ఇంజిన్ దించాలి, బోర్ కొట్టించాలి, అంటే సిలిండర్ లోపలి గోడలు చెక్కించాలి, ఇరవై వేల మాట. పై దారి అయితే హెడ్ వరకే పని. నా నోటుబుక్కు అంతా ఈ రెంటిలో ఏది అనే దాని మీదే నడిచింది.

పై దారి ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ హెడ్ పైన వాల్వులను తెరిచే క్యామ్, రాకర్ల మీదికి ఆయిల్ చేరుతూ ఉంటుంది. ఆపాక చాలావరకు కిందికి కారిపోతుంది గానీ వాల్వు స్ప్రింగుల చుట్టూ గుంటల్లో కొంత మిగులుతుంది. ప్రతి వాల్వు కాడా ఒక లోహపు గైడ్‌లో పైకీ కిందికీ ఆడుతుంది. ఆ గైడ్ నెత్తిన చిన్న రబ్బరు టోపీ ఉంటుంది, చిటికెన వేలి కొనంత. అదే వాల్వ్ సీల్. దాని పని కాడను పట్టుకుని ఆయిల్‌ను పైనే ఆపడం. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడిపోతే కాడను పట్టుకోలేదు. రాత్రంతా బొట్టు బొట్టుగా ఆయిల్ కాడ వెంట దిగి వాల్వు వెనకనో, వాల్వు తెరుచుకుని ఉంటే నేరుగా పిస్టన్ మీదనో చేరుతుంది. పొద్దున తాళం తిప్పగానే ఆ కాస్తా ఒక్కసారిగా కాలుతుంది. కాలిపోయాక పొగ ఆగిపోతుంది. అర నిమిషం లెక్క అక్కడ సరిపోయింది.

రింగులు అరిగితే అలా కాదు. ఆయిల్ గోడల మీద ఎప్పుడూ ఉంటుంది కాబట్టి బండి నడుస్తున్నంతసేపూ పొగ వస్తుంది, గట్టిగా లాగినప్పుడు, ఎత్తు ఎక్కినప్పుడు మరీ ఎక్కువ.

నోటుబుక్కులో పదకొండు రోజుల రాతల్లోంచి కొన్ని ఇక్కడ రాస్తాను. రాత్రంతా నిలబెడితే: నీలం పొగ, 35 నుంచి 50 సెకన్లు. బడిలో ఏడు గంటలు నిలిచాక: పలచగా, పది సెకన్లు. మార్కెట్ దగ్గర పావుగంట ఆపి తీస్తే: ఏమీ లేదు. రెండు రోజులు అసలు తీయకుండా ఉంచి మూడో పొద్దున తీస్తే: మొదటి రోజుకంటే ఎక్కువేమీ కాదు. ఈ చివరిది నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆలోచిస్తే సబబే అనిపించింది. పైన గుంటల్లో మిగిలే ఆయిల్ కొంచెమే, అది ఒక రాత్రిలోనే దిగిపోతుంది, తర్వాత దిగడానికి ఏముంది?

సంక్రాంతికి ముందు పీలేరు వెళ్లే పని పడింది. తిరుపతినుంచి చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కి వెళ్లాలి, దాదాపు 60 కిలోమీటర్లు. శేషాచలం కొండల్లో ఆ ఘాటే నాకు అసలైన పరీక్ష అయింది. తమ్ముడు బైకు మీద వెనకాల వచ్చాడు. ఎక్కేటప్పుడు రెండో గేరులో, యాక్సిలరేటర్ దాదాపు మొత్తం తొక్కి లాగాను. పైన గుడి దగ్గర ఆగి అడిగితే "ఏం లేదక్కా, ఒక్క చుక్క పొగ లేదు" అన్నాడు. రింగుల మాట నిజమైతే అక్కడ వెనకున్నవాడికి దారి కనిపించకూడదు.

తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు వేరేలా చేశాం. రెండో గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, మలుపుల వెంట ఇంజిన్ పట్టుతోనే మెల్లగా దిగాను. ఇలా దిగేటప్పుడు కార్బొరేటర్ తలుపు మూసి ఉంటుంది, పిస్టన్లు గాలి కోసం లాగుతుంటాయి, అందువల్ల గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వైపు పీల్చుడు చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ పీల్చుడు గైడ్ల గుండా పైనున్న ఆయిల్‌ను కూడా లాగేస్తుంది. కింద సమతలం రాగానే ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కాను. అద్దంలో నాకే కనిపించింది, బండి వెనక నీలపు మబ్బు లేచి రోడ్డుకు అడ్డంగా తేలిపోయింది. తమ్ముడు హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. నాకు అక్కడే దాదాపు తేలిపోయింది. ఎక్కేటప్పుడు లేదు, దిగి తొక్కితే ఉంది, రాత్రి నిలబెడితే ఉంది. ఈ మూడూ పై దారినే చూపిస్తున్నాయి. (ఖాళీ రోడ్డు చూసుకుని చేశాం. వెనక లారీలుంటే ఈ పని చేయొద్దు.)

అయినా అనుమానం మిగలకూడదు. మరుసటి పొద్దున స్టార్ట్ చేయకముందే మూడు ప్లగ్గులూ విప్పాం. మొదటిది, మూడోది లేత గోధుమ రంగులో పొడిగా ఉన్నాయి. రెండోది మరలదాకా ఆయిల్ తడి, కొన మీద మెరిసే నల్లటి పెచ్చు. ఫోన్ లైటు వేసి ప్లగ్గు రంధ్రంలోంచి చూస్తే రెండో పిస్టన్ నెత్తిన చిన్న మెరుపు, ఆయిల్ చుక్కదే.

సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ మా దగ్గర లేదు. కొర్లగుంటలో ఒక పెద్దాయన షెడ్డుందని, పాత మారుతి బండ్లే ఎక్కువ చూస్తాడని తోటి టీచర్ చెప్పింది. అందరూ ఆయన్ని భాయ్ అంటారు. వెళ్లి నోటుబుక్కు ఆయన చేతికిచ్చాను. ఆయన బానెట్ ఎత్తలేదు. కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలూ చదివాడు. చదివి, "ఆయిల్ ఎంత తాగతావుంది తల్లీ, అది రాయలేదే" అన్నాడు. నిజమే, అది నేను కొలవలేదు. ఆయన ఒక లీటరు ఆయిల్ డబ్బా ఇచ్చి, పుల్ల మీద పై గీతదాకా నింపి, ఐదు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ అదే గీతకు నింపడానికి ఎంత పట్టిందో చూసి రమ్మన్నాడు. అదే చోట, సమతలం మీద, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే చూడమన్నాడు. పట్టింది 180 మిల్లీలీటర్లు. అంటే వెయ్యి కిలోమీటర్లకు 360. ఈ ఇంజిన్లో పట్టే ఆయిలే రెండున్నర లీటర్ల పైచిలుకు, ఎప్పటికప్పుడు చూసుకోకపోతే ప్రమాదమే.

రెండోసారి వెళ్లినప్పుడు గేజ్ పెట్టాడు. ఇంజిన్ వేడెక్కించి, మూడు ప్లగ్గులూ తీసేసి, కాయిల్ వైరు పీకి, నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. పీఎస్‌ఐ లెక్కన 165, 157, 162 వచ్చాయి. తర్వాత ఒక్కో రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. 174, 167, 170. రింగులు అరిగిన సిలిండర్ అయితే ఆ చెంచాడు ఆయిల్ సందులు కప్పేసి అంకె ఒక్కసారిగా ముప్పై నలభై పైకి లేస్తుంది. ఇక్కడ మూడింటిలోనూ దాదాపు ఒకేలా, పదికి మించకుండా పెరిగింది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు, నన్నూ పెట్టమన్నాడు. కింది నుంచి గాలి తన్నడం లేదు. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు ఊది చూశాడు, కొంచెం జిగురు పట్టింది గానీ మూసుకుపోలేదు. దాన్ని పెట్రోలుతో కడిగి పెట్టాడు.

"రింగులు బాగుండాయి. సీల్సే. బండి నడిచి పాడైంది కాదు తల్లీ, నిలబడి పాడైంది" అన్నాడు. 78 వేల కిలోమీటర్లు, ఇరవై నాలుగేళ్లు. రింగులు అరిగేది తిరిగిన దూరానికి, రబ్బరు గట్టిపడేది గడిచిన కాలానికి.

మధ్యలో చాలామంది చాలా సలహాలు ఇచ్చారు. ఒకాయన 20డబ్ల్యూ40 బదులు 20డబ్ల్యూ50 ఆయిల్ పొయ్యమన్నాడు. పోసి చూశాను, పొగ కొంచెం తగ్గింది, పోలేదు. చిక్కటి ఆయిల్ మెల్లగా కారుతుంది, అంతవరకే. పొగ ఆపుతుందని అమ్మే సీసా మందు ఒకటి చూపించారు, అది మాత్రం పోయలేదు. జబ్బేదో తెలిశాక పై పూత మందు ఎందుకు?

జనవరి చివరి వారంలో బండి అప్పగించాను. ఈ పనిని కొందరు హెడ్ దించకుండానే, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పట్టించి వాల్వులు కింద పడకుండా ఆపి చేస్తారట. భాయ్ దించడానికే మొగ్గాడు. హెడ్ చిన్నది, ఒక్క మనిషి ఎత్తగలడు, దించితే గైడ్లు కూడా చూడొచ్చు, కింద సిలిండర్ గోడలూ చూడొచ్చు అన్నాడు. నాకూ అదే నచ్చింది. ఆ రోజు సెలవు పెట్టి అక్కడే కూర్చున్నాను.

హెడ్ లేవగానే భాయ్ నన్ను పిలిచి రెండో సిలిండర్‌లో టార్చి వేశాడు. కంపెనీలో గీసిన అడ్డగీతలు గోడల మీద ఇంకా సన్నగా కనిపిస్తున్నాయి. పైఅంచు దగ్గర గోరు పెట్టి కిందినుంచి పైకి గీకి చూడమన్నాడు. అరిగిన బోర్ అయితే అక్కడ గోరుకు గట్టు తగులుతుంది. ఏమీ తగల్లేదు. ఆ ఇంజిన్‌ను బోర్ కొట్టించి ఉంటే మంచి లోహాన్ని చెక్కేయడానికి నేను ఇరవై రెండు వేలు కట్టి ఉండేదాన్ని, పైగా సీల్స్ మార్చకుండా బిగించి ఉంటే పొగ అలాగే ఉండేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

స్ప్రింగులు నొక్కి లాకులు తీసి ఆరు వాల్వులూ బయటికి తీశాడు. సీల్స్‌ను పటకారుతో పట్టుకోగానే రెండు చింతగింజ పొట్టులా పెళుసుగా విరిగి ముక్కలయ్యాయి. మిగతావి విరగలేదు గానీ వేళ్ల మధ్య నొక్కితే గాజులా గట్టిగా ఉన్నాయి. కొత్త సీల్ పక్కన పెట్టి చూపించాడు, అది వేలితో నొక్కితే వంగి తిరిగొస్తుంది. కొత్తదాన్ని వాల్వు కాడకు తొడిగి వదిలితే జారకుండా పట్టుకుంది. పాతవాటిలో ఒక్కటీ పట్టుకోలేదు.

హెడ్ లేత్ షాపుకు వెళ్లింది. గైడ్లలో వాల్వు పెట్టి పక్కలకు ఊపి చూశారు. రెండో సిలిండర్ ఇన్‌టేక్ గైడ్‌లో మిగతావాటికంటే కొంచెం ఆట ఎక్కువగా ఉంది. దాన్నొక్కదాన్ని మార్చేశారు. ఆ ఆటవల్లే అక్కడి సీల్ ముందుగా పోయిందని లేత్ మేస్త్రి చెప్పాడు, ప్లగ్గు తడి కూడా ఆ సిలిండర్‌దే కదా. వాల్వులకు పేస్ట్ రాసి సీట్ల మీద చేత్తో రుద్ది, గాలి, పొగ దారుల్లో (పోర్టుల్లో) కిరోసిన్ పోసి పావుగంట ఉంచారు. కిందికి దిగలేదు, అంటే వాల్వులు గట్టిగా కూర్చుంటున్నాయి.

సీల్స్ ఎక్కించేటప్పుడు భాయ్ చేసిన ఒక చిన్న పని చెప్పాలి. వాల్వు కాడ చివర లాకులు కూర్చునే గాడి ఉంటుంది, దాని అంచు పదును. కొత్త సీల్‌ను దానిమీదుగా తోస్తే రబ్బరు పెదవి చీలిపోతుంది. ఆయన కాడ చివరకు పలచటి ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగి, ఆయిల్ రాసి, దానిమీదుగా సీల్ జార్చి, తర్వాత గొట్టం తీసేశాడు. సుత్తి వాడలేదు, సాకెట్ పెట్టి అరచేత్తో నొక్కాడు. "ఈడ తొందరపడితే వారంలో మళ్లా పొగ" అన్నాడు. ఆ మాట షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడితో అన్నాడు, నాతో కాదు. ఆ కుర్రవాడు పక్కన నిలబడి చూస్తున్నాడు, మూడో సీల్ నుంచి వాడి చేతే పెట్టించాడు.

కొత్త హెడ్ గ్యాస్కెట్, టైమింగ్ బెల్టు, ఆయిల్, ఫిల్టర్, కూలెంటు, ట్యాపెట్ సెట్టింగ్. లేత్ పని, కూలీ అన్నీ కలిపి 7,850 రూపాయలు అయింది. సీల్స్ ధర అందులో కొన్ని వందలు మాత్రమే. బిల్లు వివరంగా రాసిచ్చాడు, పాత సామాను కవర్లో కట్టిచ్చాడు.

మరుసటి పొద్దున నేను, తమ్ముడు, ఎదురింటి అత్త ముగ్గురం సందులో నిలబడ్డాం. స్టార్ట్ చేశాను. పొగ వచ్చింది. నాకు కాళ్లలో బలం పోయినట్టయింది. వెంటనే భాయ్‌కి ఫోన్ చేస్తే, "వాసన ఎట్లుంది? ఆరినాక మళ్లా కొడితే వస్తాందా? సైలెన్సర్ నిండా పాత ఆయిల్ ఉండాది తల్లీ, అది కాలిపోవద్దా. రేణిగుంట దాకా పోయి రా, రెండు రోజులు చూడు" అన్నాడు. ఆ రోజు రేణిగుంట, అక్కడినుంచి శ్రీకాళహస్తి రోడ్డు మీద కొంత దూరం నాలుగో గేరులో బాగా వేడెక్కేలా తిప్పాను. రెండో పొద్దున పొగ సగానికి తగ్గింది. మూడో పొద్దున ఒక పలచటి తెర. నాలుగో రోజునుంచి లేదు. చలి ఎక్కువగా ఉన్న పొద్దుల్లో తెల్ల ఆవిరి కనిపించేది, కానీ అది గొట్టం దాటిన రెండడుగుల్లో మాయమయ్యేది, వాసన లేదు, గొట్టం చివర నీటి చుక్కలు. ఇప్పుడు ఆ తేడా నాకు దూరంనుంచే తెలుస్తోంది.

ఫిబ్రవరిలో పొల్యూషన్ టెస్టు చేయించాను. మా బండిలాంటి పాత పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3 శాతం, హైడ్రోకార్బన్లకు 1,500 పీపీఎం. మాది 1.3 శాతం, 410 వచ్చింది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ టెస్టు ఇంజిన్ వేడి మీదున్నప్పుడు చేస్తారు. సీల్స్ మార్చకపోయినా బహుశా పాసయ్యేది. సర్టిఫికెట్టు చేతికొచ్చేది, ఎదురింటి అత్త మాత్రం రోజూ ఆ నూనె పొగ పీల్చేది. అందుకే పొద్దున్నే పొగ వచ్చే బండి ఉన్నవాళ్లు పొల్యూషన్ కాగితం చూసుకుని ఊరుకోవద్దని నా మనవి. మార్చిలో ఫిట్‌నెస్ అయింది, రిజిస్ట్రేషన్ 2028 దాకా వచ్చింది. ఏప్రిల్‌కు పని తర్వాత వెయ్యి కిలోమీటర్లు నిండాయి. పై గీతదాకా నింపడానికి పట్టిన ఆయిల్ 40 మిల్లీలీటర్లు.

ఉగాది వెళ్లిన తర్వాతి ఆదివారం పీలేరు వెళ్లాం. రాత్రి బండి చింతచెట్టు కిందే పెట్టాను. పొద్దున్నే నాయన కర్ర పట్టుకుని వెనక్కి వచ్చారు. ఏమీ అడగలేదు. నన్ను స్టార్ట్ చేయమని చెయ్యి చూపించి, సైలెన్సర్ పక్కన నిలబడ్డారు. నిమిషం, రెండు నిమిషాలు. ఆపమన్నారు. కర్ర గోడకు ఆనించి, బంపరు పట్టుకుని మెల్లగా వంగి, గొట్టంలో వేలు పెట్టి తుడిచి వెలుతురులోకి ఎత్తి చూసుకున్నారు. పొడి బూడిద రంగు. లుంగీకి తుడుచుకుని, "తాళం ఇట్లియ్యి పాపా, వీధి చివరి దాకా పోయొస్తా" అన్నారు.